నాలుగు నిమిషాల సవరణ

వీర్రాజు గారి అబ్బాయికి ముప్ఫై నిండినా గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. అందుకని ఒక బుధవారం పొద్దున్న, తాడేపల్లిగూడెంలో జ్యోతిషం చెప్పే పురుషోత్తం గారి వరండాలో, ఆ అబ్బాయి పుట్టిన సమయం పన్నెండు నిమిషాలు వెనక్కి వెళ్ళింది.

హరిప్రియ ముందు గదిలో ఆఫీసు మీటింగులో ఉంది. మైకు ఆపేసి, కెమెరా ఆపేసి, చెవి మాత్రం వరండా వైపు పెట్టింది. హైదరాబాదు కంపెనీ, ఇంట్లోంచే పని, డేటా ఎనలిస్టు అని పేరు. ఇరవై ఐదేళ్ళకి బాగా అబ్బిన విద్య ఏదంటే, ఒకేసారి రెండు చోట్ల మాటలు వినడం.

"ఇరవై ఎనిమిదికల్లా వచ్చేస్తుందన్నారండి," అన్నారు వీర్రాజు గారు. ముదినేపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. తప్పు పట్టడానికి కాదు. ఆ మాట అనడమే ఇబ్బందిగా ఉన్నట్టు కండువా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. "మిమ్మల్ని అనడం లేదండి. ఎక్కడైనా తేడా వచ్చిందేమో ఒకసారి చూస్తారని."

"పుట్టిన సమయం ఎవరు చూశారండీ?" అన్నారు పురుషోత్తం గారు.

"మా అమ్మండి. చూడ్డమంటే, అప్పట్లో ఇంట్లో గడియారం లేదండి. పక్కింటి రేడియోలో వార్తలు వస్తున్నాయని చెప్పింది."

"వార్తలు మొదలవుతున్నాయా, అయిపోతున్నాయా?"

వీర్రాజు గారు చాలాసేపు ఆలోచించారు. "వార్తలేనండి. పాటైతే కాదు."

పురుషోత్తం గారు పాత నోటుబుక్కు తీశారు. అబ్బాయికి కాలు విరిగింది ఏ ఏడు, నాయనమ్మ పోయింది ఏ ఏడు, పొలం అమ్మింది ఏ ఏడు, ఒక్కొక్కటీ అడిగి లెక్క కట్టారు. పన్నెండు నిమిషాలు వెనక్కి జరిపేసరికి కాలూ సరిపోయింది, నాయనమ్మా సరిపోయింది, పొలమూ సరిపోయింది. నీలం ఇంకుతో రాసిన పాత సమయం పక్కన ఎర్ర ఇంకుతో కొత్త సమయం రాశారు. కొత్త లెక్క ప్రకారం ఉద్యోగం ముప్ఫై మూడో ఏట వస్తుంది. వీర్రాజు గారు తేలికపడ్డ మొహంతో రెండు సొరకాయలు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

"నాన్నగారూ, జవాబు తెలిశాక లెక్క మార్చడం మా ఆఫీసులో చేస్తే ఉద్యోగం పీకేస్తారు," అంది హరిప్రియ, గుమ్మంలో నించుని.

"మీ ఆఫీసులో గడియారాలు సరిగ్గా ఉంటాయి కదమ్మా."

"గడియారం గొడవ కాదండీ. అయిపోయిన వాటికి సరిపోయేదాకా మీరు సమయాన్ని జరుపుకుంటూ వెళ్ళారు. అలా జరిపితే ఎవరి జాతకమైనా సరిపోతుంది. బట్టీ పట్టిన పిల్లాడి లాంటిది. పాత పేపరులో వందకి వంద, కొత్త పేపరు ఇస్తే తెల్లమొహం."

ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చే మనిషి అయితే ఆ అమ్మాయికి కొంత సుఖంగా ఉండేది. బీఎస్సీ లెక్కలు చదివి, తండ్రి దగ్గర జ్యోతిషం నేర్చుకుని, నలభై ఏళ్ళుగా పంచాంగం గణితం చేత్తో చేస్తున్న మనిషి. "గ్రహణం నిమిషం తేడా లేకుండా చెప్తున్నాం. అది శాస్త్రం కాదా?" అని మాత్రం అడిగారు.

"గ్రహణం దగ్గర మనకి పేచీ లేదండీ. ఆ గ్రహాలు తిరుగుతుంటే వీర్రాజు గారి అబ్బాయికి ఉద్యోగం ఎందుకు రావాలన్న దగ్గరే పేచీ."

ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టారు. "అయితే కొత్త పేపరు పెట్టు," అన్నారు.

సరదాకి అన్నారనుకుంది. మర్నాడు కాఫీ తాగుతూ మళ్ళీ అడిగారు.

వట్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే విశ్వతేజ, హరిప్రియకి సీనియరు. "జ్యోతిషం శాస్త్రమా, కాదా" అని కాలేజీలో చర్చ పెట్టాలని రెండు నెలలుగా తిరుగుతున్నాడు. ఇంతకుముందు పెట్టిన చర్చలో ఇరువైపులా గంటన్నర అరుచుకుని, ఆఖరికి అందరూ కలిసి సమోసాలు తిని వెళ్ళారట. పరీక్ష అనగానే ఎగిరి గంతేశాడు.

హరిప్రియ పద్ధతి రాసింది. ఇరవై జాతకాలు, పేర్లు లేకుండా. కొందరు చిన్నవయసులో పోయినవాళ్ళు, కొందరు అరవై దాటి బతికున్నవాళ్ళు. ఎవరు ఉన్నారో ఎవరు లేరో జాతకం చూసి చెప్పాలి.

పురుషోత్తం గారు కాగితం చదివి తల అడ్డంగా ఊపారు. "శని, గురువు ఎక్కడున్నారో చూస్తే ఏ సంవత్సరంలో పుట్టారో నాకు తెలిసిపోతుందమ్మా. యాభైల్లో పుట్టినవాళ్ళందరికీ బతికున్నారని రాసేస్తాను. శాస్త్రం ఏమీ అక్కర్లేదు. అందరూ ఒకే ఈడువాళ్ళుండాలి. సమయం ఆసుపత్రి కాగితంలో ఉన్నదే తీసుకోవాలి. ఎంతమంది పోయారో నాకు చెప్పకూడదు."

విశ్వతేజకి ఫోన్ చేసి చెప్తే నవ్వాడు. "ఇదేంటి, మన పరీక్షలో తప్పు మీ నాన్నగారు పట్టుకున్నారు?"

"అదే నా బాధ కూడా," అంది హరిప్రియ.

పద్ధతి మార్చారు. తొంభై ఐదుకీ రెండు వేలకీ మధ్య పుట్టినవాళ్ళు. కాలేజీ పిల్లలు ఏలూరు, తణుకు, చుట్టుపక్కల ఊళ్ళలో తెలిసినవాళ్ళకి ఫారం లింకు పంపారు. పుట్టిన తేదీ, సమయం, ఊరు, ఉన్నారా లేరా, లేకపోతే ఎన్నో ఏట పోయారు, ఫోన్ నంబరు, అంతే. వివరాలన్నీ సరిచూసి కుండలీలు వేయించే పని హరిప్రియది. మనిషి పుట్టినప్పుడు గ్రహాలు ఏ గదిలో ఉన్నాయో చూపించే ఆ పన్నెండు గళ్ళ బొమ్మలు గీయడానికి చిన్న ప్రోగ్రాము కూడా రాసింది. దాన్ని కూడా తండ్రి రెండు రోజులు పరీక్షించి, చంద్రుడు ఒక్కచోట తప్పొస్తున్నాడని పట్టుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం వరసలు సరిచూస్తుంటే ఏడో వరస వచ్చింది.

నవంబరు మూడు, తొంభై ఏడు. ఉదయం నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు. ఏలూరు. లేరు. పంతొమ్మిదో ఏట. ఫోన్ నంబరు చూడక్కర్లేదు గానీ చూసింది. ఆ నంబరున్న అమ్మ ఫోను వంటింట్లో, చిక్కుడుకాయల చాట పక్కన, ఫ్రిజ్ మీద ఉంది.

హర్షవర్ధన్ హరిప్రియకి అన్నయ్య. తొమ్మిదేళ్ళ క్రితం డిసెంబరులో ఒక శనివారం, ముగ్గురు స్నేహితులతో కొల్లేరుకి పక్షుల్ని చూడ్డానికి వెళ్ళాడు. వెళ్ళే ముందు తండ్రిని అడిగాడు. ఆయన పంచాంగం చూసి, "శనివారం తూర్పుకి వెళ్ళకూడదు, మీరు అటు కాదుగా. రోజు బాగుంది, వెళ్ళిరా," అన్నారు. చెరువుగట్టున కట్టేసి ఉన్న చిన్న పడవ విప్పుకుని నలుగురూ లోపలికి వెళ్ళారు. పడవ తిరగబడింది. ముగ్గురు గట్టెక్కారు. హర్ష నీళ్ళమీద అల్లుకున్న గుర్రపుడెక్క కిందికి వెళ్ళాడు.

హర్ష పుట్టినప్పుడు తండ్రి వేసిన జాతకంలో ఆయుష్షు డెబ్బై ఎనిమిది. నీటి వల్ల లాభం అని కూడా ఉంది.

పదకొండో రోజు దాటాక ఏలూరు నుంచి శ్రీహరి గారు వచ్చారు. ఆయనా సిద్ధాంతే, తండ్రికి పాత స్నేహితుడు. వచ్చి, కుండలీ చూసి, మెల్లిగా చెప్పారు. తులా లగ్నం సరిగ్గా మొదలయ్యే చోట పుట్టాడు. నాలుగు నిమిషాలు వెనక్కి జరిపితే కన్యా లగ్నం అవుతుంది. అప్పుడు పంతొమ్మిదో ఏట జలగండం అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. "ఆసుపత్రుల్లో నాలుగు నిమిషాలు ఎంతసేపురా. సవరించుకో. రాసి ఉందని తెలిస్తే మీ ఆవిడకైనా ఊరట," అన్నారు.

తండ్రి సవరించలేదు. "సమయం సరైనదే," అన్నారు, అంతకంటే ఏమీ చెప్పలేదు. అందరి పిల్లలకీ ఎర్ర ఇంకు వాడిన మనిషి, తన కొడుకు పేజీలో మాత్రం ఒక్క గీత గీయలేదు. ఆ తర్వాత ఇంట్లో హర్ష గురించి మాటలు ఆగిపోయాయి. ఆ ఇంట్లో పండగలకి పులిహోర కూడా ఆగిపోయింది. అదెందుకో హరిప్రియ ఎప్పుడూ అడగలేదు.

వంటింట్లోకి వెళ్ళింది. శ్యామల పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"అమ్మా, అన్నయ్య వివరాలు నువ్వే పంపావా?"

"ఊఁ."

"ఇలాంటివి పెట్టకూడదమ్మా. నాన్నగారు చూడగానే గుర్తుపడతారు. తెలిసిన జాతకం పెడితే పరీక్షే కాదు. తీసేస్తాను."

"ఉండనీ."

"ఎందుకు?"

శ్యామల కాయ విరిచి గిన్నెలో వేసింది. "నాలుగు నిమిషాలు జరపమంటే జరపలేదు ఆయన. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వాడి రాత అంతేనని ఒక్క మాట కాగితం మీద పెడితే నేను పడుకోగలిగేదాన్ని. తన లెక్క తప్పని ఒప్పుకోవాల్సొస్తుందని పెట్టలేదు. పెద్ద సిద్ధాంతి కదా." గొంతు పెంచలేదు. "ఇప్పుడు నలుగురి ముందూ రాయాలిగా. లేడని రాస్తే రాసి ఉన్నట్టే. ఉన్నాడని రాస్తే, ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్తిదే. ఏదో ఒకటి రాయనీ."

"ఏది రాసినా నీకేం వస్తుందమ్మా?"

"అది నాకూ తెలీదే. చూడాలనుంది."

హరిప్రియ లాప్‌టాప్ ముందుకొచ్చి కూర్చుంది. ఏడో వరస మీద మౌస్ పెట్టి చాలాసేపు ఉంది. తీసేస్తే ఎవరికీ తెలీదు. తీసేస్తే, ఇంట్లో ఇంకో తొమ్మిదేళ్ళు ఇలాగే గడుస్తాయి. జాతకంలో లేనిది ఉన్నట్టు నాన్న అబద్ధం రాస్తే తను తట్టుకోగలదా అన్నది ఇంకో లెక్క. ఆ లెక్కకి ఏ ప్రోగ్రామూ లేదు.

చివరికి ఒక కాగితం మీద, "ఏడో జాతకం పరీక్ష ఇచ్చేవారికి తెలిసినది. ఫలితం దాన్ని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి చెప్పాలి" అని రాసి, కవర్లో పెట్టి అంటించి, విశ్వతేజకి ఇచ్చింది. "అయిపోయాక తెరువు," అంది. అతను ఎందుకని అడగలేదు. ఫిజిక్సు వాళ్ళలో ఈ సుగుణం ఉంటుందని ఆ అమ్మాయికి అప్పుడే తెలిసింది.

పై వారం శనివారం ముగ్గురూ పాసింజరులో ఏలూరు వెళ్ళి, ఆటోలో వట్లూరు చేరారు. సెమినార్ హాలు సగం నిండింది. విద్యార్థులు, కొందరు లెక్చరర్లు, ముందు వరసలో శ్రీహరి గారు పట్టు ఉత్తరీయంతో. శ్యామల మూడో వరసలో చివర కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది.

వేదిక మీద బల్ల, ఇరవై కాగితాలు, ఒక పెన్ను. ఫోన్ తీసుకెళ్ళి విశ్వతేజకి ఇచ్చేశారు పురుషోత్తం గారు. ఒక్కో కాగితానికి ఏడెనిమిది నిమిషాలు తీసుకుంటూ, వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ, పక్కన అంకెలు రాసుకుంటూ వెళ్ళారు. పిల్లలు కాసేపు చూసి, తర్వాత వాళ్ళ ఫోన్లు చూసుకున్నారు. పరీక్ష రాసే మనిషిని చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

ఏడో కాగితం తిప్పారు.

వేళ్ళ మీద ఏమీ లెక్కపెట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కాగితాన్ని కాస్త దూరంగా జరిపి, మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు. తర్వాత తలెత్తి హాల్లోకి చూశారు. ముందు హరిప్రియని కాదు. మూడో వరసలో చివరికి చూశారు. శ్యామల కూడా చూపు తిప్పలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. రెండు మాటలు రాశారు, ఒక అంకె వేశారు, ఎనిమిదో కాగితం తీసుకున్నారు.

మూడు గంటలకి విశ్వతేజ మైకు పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, తప్పు. రెండు, ఒప్పు. మూడు, ఒప్పు. ఒప్పు వచ్చినప్పుడల్లా ఒక మూల చప్పట్లు, తప్పు వచ్చినప్పుడల్లా ఇంకో మూల ఈలలు. ఏడు దగ్గరికొచ్చాడు.

"పురుషోత్తం గారు రాసింది, ఉన్నారు, ఆయుష్షు డెబ్బై ఎనిమిది. ఫారంలో ఉన్నది, లేరు, పంతొమ్మిదో ఏట. తప్పు."

తెర మీద కుండలీ పడింది. శ్రీహరి గారు లేచి నించున్నారు. ఆయనకి అది ఎవరిదో తట్టలేదు. ఎప్పుడో ఒక్కసారి చూసిన కాగితం. "ఇది లెక్కలోకి తీసుకోకూడదండీ. లగ్నం సరిగ్గా మారే చోట ఉంది. నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయితే జాతకమే వేరు. ఇది శాస్త్రం తప్పు కాదు, గడియారం తప్పు."

"గడియారం తప్పు కాదు శ్రీహరీ," అన్నారు పురుషోత్తం గారు. మైకు లేకుండానే అన్నారు గానీ వినిపించింది. "ముందురోజు రాత్రి రేడియో గంటకి నా వాచీ కలుపుకున్నాను. పురిటి గది బయట బల్ల మీద కూర్చున్నాను. ఏడుపు వినపడగానే వాచీ చూశాను. నాలుగు యాభై రెండు."

శ్రీహరి గారు తెర వైపు చూశారు, స్నేహితుడి వైపు చూశారు, మెల్లిగా కూర్చుండిపోయారు.

"అది నాకు తెలిసిన జాతకం. లెక్కలోంచి తీసెయ్యండి బాబూ," అన్నారు పురుషోత్తం గారు.

విశ్వతేజ జేబులోంచి కవరు తీసి చింపి చదివాడు. హరిప్రియ వైపు ఒకసారి చూశాడు. అడగకుండా ఉండలేకపోయాడు. "తెలిసినదైతే, సరైన జవాబే రాసి ఉండొచ్చు కదండీ?"

"జాతకం ఏం చెప్తోందని కదా అడిగారు. నాకేం తెలుసని కాదు కదా."

ఆ తర్వాత మిగిలినవి చదివారు గానీ చప్పట్లూ ఈలలూ పెద్దగా రాలేదు. మొత్తం ఇరవైలో తొమ్మిది ఒప్పు. ఏడోది తీసేస్తే పంతొమ్మిదిలో తొమ్మిది. రూపాయి బిళ్ళ ఎగరేసి రాసినా ఇంచుమించు అంతే వస్తుందని విశ్వతేజ చెప్పాడు. గెలిచినవాడి గొంతుతో మాత్రం చెప్పలేదు. పురుషోత్తం గారు అందరికీ నమస్కారం పెట్టి దిగొచ్చారు.

ఏలూరు స్టేషన్లో బండి గంట లేటు. శ్రీహరి గారు ప్లాట్‌ఫారం దాకా వచ్చారు. స్నేహితుడి చెయ్యి పట్టుకుని, టీ తెస్తానని వెళ్ళి, మూడు కప్పులు ఇచ్చి వెళ్ళిపోయారు.

బండి ఎక్కాక కిటికీ పక్కన శ్యామల, ఎదురుగా పురుషోత్తం గారు, ఆయన పక్కన హరిప్రియ కూర్చున్నారు. బండి దెందులూరు దాటింది. పొలాల్లో వరి కోతలు, మాసూళ్ళు అయిపోయి గడ్డిమేట్లు వేస్తున్నారు.

"రేపు వీర్రాజు గారికి ఫోన్ చెయ్యాలి," అన్నారు ఆయన.

"ఏమని?" అంది హరిప్రియ.

"ఆ పన్నెండు నిమిషాలు వాళ్ళబ్బాయివి కాదు, నావి అని. ముప్ఫై మూడో ఏడు దాకా కాచుకుని కూర్చోవద్దని."

"వింటారాండీ?"

"వినరు. ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. చెప్పడం మట్టుకు చెప్పాలి కదా." ఈసారి భార్యతో అన్నారు. "శ్యామలా. నాలుగు నిమిషాలు జరిపితే నాకూ బాగానే ఉండేది. వాడి రాత అనుకుని ఊరుకునేవాణ్ణి. జరిపితే, వెళ్ళమన్నది నేను కాదన్నట్టు అయిపోతుంది. వాడు నన్ను అడిగాడు. నేను పుస్తకం చూసి, వెళ్ళిరా అన్నాను. ఆకాశంలో ఏముందో నాకు తెలీదు. వరండాలో నేనన్న మాట మాత్రం నాకు తెలుసు."

శ్యామల కిటికీలోంచే చూస్తోంది. భీమడోలులో బండి ఆగింది, జామకాయలమ్మే ఆవిడ ఎక్కింది, బండి కదిలింది.

"మిమ్మల్ని అడగడం తర్వాతండీ," అంది శ్యామల. "ముందు నన్ను అడిగాడు. ముందురోజే. నేను సరేనన్నాక మీ దగ్గరికి వచ్చాడు."

ఆయన తలెత్తారు.

"తెల్లారగట్ట లేచి పులిహోర కలిపాను. నలుగురికీ సరిపోయేలా పెద్ద బాక్సులో. నేనే కట్టిచ్చాను." సంచీ పిడిని వేలికి చుట్టి, విప్పింది. "మీరు పుస్తకమైనా చూశారు. నేను అదీ చూడలేదు."

ఆయన లేచి, ఊగే బండిలో ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుని రెండడుగులు వేసి, అవతలి వైపు, భార్య పక్కన కూర్చున్నారు. ఆవిడ సంచీని ఒళ్ళోంచి తీసి కింద పెట్టి చోటిచ్చింది.

బాదంపూడి దాటాక, దిగడానికి లేస్తూ, శ్యామల మామూలు గొంతుతో అడిగింది. "ఇంట్లో చింతపండు ఉందా హరీ, అయిపోయిందా?"

"ఉందమ్మా," అంది హరిప్రియ. ఉందో లేదో తనకి తెలీదు. లేకపోతే దారిలో కొనొచ్చు.